తాళం తీసి ఇచ్చింది నేనే: సోషల్ ఇంజనీరింగ్ అర్థం, ఉపయోగాలు, కాచుకునే పద్ధతి

ఉద్యోగంలో చేరిన నాలుగో నెలలో నేను ఒక దొంగకు సాయం చేశాను. ఆ సంగతి మర్నాటికి గానీ నాకు తెలియలేదు.

అప్పట్లో ఒక సంస్థ హెల్ప్‌డెస్క్‌లో పనిచేసేదాన్ని. పాస్‌వర్డ్ మరిచిపోయినవారికి కొత్తది ఇవ్వడం, ప్రింటర్ మొరాయిస్తే వచ్చి చూడటం నా పని. సాయంత్రం ఆరు కావస్తుండగా ఒకాయన ఫోను చేశాడు. గొంతులో అలసట, వెనక పసిపిల్ల ఏడుపు. తాను కొనుగోళ్ల విభాగం అధికారినని, ప్రయాణంలో ఉన్నానని, తెల్లవారేలోగా ఒక ఒప్పందం చదివి పంపకపోతే కొంప మునుగుతుందని చెప్పాడు. మా అధికారిణి పేరు చెప్పి, “ఆవిడ సెలవులో ఉన్నారు కదా, లేకపోతే ఆవిడనే అడిగేవాణ్ణి. మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నాను” అన్నాడు. ఆవిడ సెలవులో ఉన్న మాట నిజమే. మా సాఫ్ట్‌వేర్‌కు మేం లోపల పెట్టుకున్న ముద్దుపేరు కూడా ఆయనకు తెలుసు. పద్ధతి ప్రకారం ఉద్యోగి సంఖ్య అడిగాను. “కార్డు పెట్టెలో ఉండిపోయింది, ఒక్క నిమిషమండీ” అంటూ పాపను సముదాయించడం మొదలుపెట్టాడు. నాకే జాలేసి “ఫరవాలేదు సార్” అన్నాను. ఫోను మొదలైన నాలుగు నిమిషాలకల్లా కొత్త పాస్‌వర్డ్ ఆయన చేతిలో ఉంది. వెళ్తూ వెళ్తూ నా పేరు అడిగి, మా అధికారిణితో నా గురించి మంచి మాట చెబుతానన్నాడు. ఆ రోజు ఎంతో సంతోషంగా ఇంటికి వెళ్ళాను.

రాత్రికి రాత్రి ఆ కొనుగోళ్ల అధికారి మెయిలు నుంచి అకౌంట్స్ విభాగానికి ఒక లేఖ వెళ్ళింది. ఫలానా సరఫరాదారు బ్యాంకు ఖాతా మారిందనీ, ఈ వారం చెల్లింపు కొత్త ఖాతాకు పంపమనీ దాని సారాంశం. అకౌంట్స్‌లో ఒక పెద్దావిడ ఉండేవారు. కంప్యూటర్ల సంగతి ఆవిడకు అంతంత మాత్రమే. కానీ ఖాతా నంబరు మారిందని ఎవరు చెప్పినా తన పాత డైరీ తీసి, అందులో రాసుకున్న నంబరుకు ఫోను చేసి “మార్చారటగా, నిజమేనా?” అని అడిగేవారు. ఆ రోజూ అడిగారు. అవతలివాళ్ళు తెల్లబోయారు.

లేఖ చూడగానే అనుమానం వచ్చిందా అని తరువాత ఆవిడను అడిగాను. “లేదమ్మాయీ, లేఖ చక్కగానే ఉంది. నేను అందరికీ చేస్తాను” అన్నారు.

ఆ తరువాత నేను హెల్ప్‌డెస్క్ వదిలి, సోషల్ ఇంజనీరింగ్ అని పిలిచే ఇలాంటి మోసాలకు సంస్థలు ఎంతవరకు తట్టుకుంటాయో పరీక్షించే పనిలోకి వచ్చాను. ఇన్నేళ్ళలో నేర్చుకున్నది ఎంత కూడినా ఆవిడ చెప్పిన ఆ రెండు ముక్కలను మించి పెద్దగా ఏమీ లేదు. అబద్ధాన్ని కనిపెట్టే తెలివి మీద ఆధారపడకండి. కనిపెట్టలేకపోయినా నష్టం జరగని ఏర్పాటు చేసుకోండి. అదెలాగో ఇక్కడ రాస్తున్నాను.

మాటకు రెండు అర్థాలు

సోషల్ ఇంజనీరింగ్ అంటే మొదట్లో మోసం కాదు. 1894లో జె.సి. వాన్ మార్కెన్ అనే డచ్ పారిశ్రామికవేత్త, కర్మాగారంలో యంత్రాలను చూసుకునే ఇంజనీర్లు ఉన్నట్టే మనుషుల బాగోగులు చూసే సామాజిక ఇంజనీర్లు కూడా కావాలన్నాడు. ఒకదానితో ఒకటి ఢీకొనే ప్రయోజనాలను తక్కువ రాపిడితో సర్దే పనిగా చట్టాన్ని చూసిన న్యాయశాస్త్రవేత్త రాస్కో పౌండ్, దానికి ఈ పేరే పెట్టాడు. సమాజాన్ని ఒక్క దెబ్బతో తిరగరాయాలనుకునేవారిని తత్త్వవేత్త కార్ల్ పాపర్ 1945లో తప్పుపట్టి, కొంచెం కొంచెంగా మారుస్తూ, ఫలితం చూసుకుంటూ, తప్పు దిద్దుకుంటూ పోయే సోషల్ ఇంజనీరింగ్‌ను సమర్థించాడు. ఎన్నికల విశ్లేషణల్లో ఇదే మాటను సామాజిక వర్గాలను ఒక గొడుగు కిందికి చేర్చే ఎత్తుగడకు వాడతారు. వీటన్నిటిలోనూ ఉమ్మడి అంశం ఒకటే: మనుషులు ఏ పరిస్థితిలో ఏం చేస్తారో ముందే ఊహించి, ఆ పరిస్థితిని కల్పించడం.

రెండో అర్థం ఆ ఊహనే దొంగతనానికి వాడుతుంది. నేను పాఠం చెప్పేటప్పుడు ఇచ్చే నిర్వచనం ఇది: తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలో వారి దగ్గరే ఉంచి, వారి చేతనే, వారు మనసారా ఒప్పుకుని, తలుపు తీయించడం. 1995లో అమెరికాలో అరెస్టయిన కెవిన్ మిట్నిక్ అనే హ్యాకర్ ద్వారా ఈ అర్థం లోకమంతా పాకింది. జైలు నుంచి విడుదలయ్యాక 2000లో ఆయన అమెరికా సెనేట్ కమిటీ ముందు మాట్లాడుతూ, మాటలతోనే పని అయిపోయేదనీ, సాంకేతికంగా చొరబడవలసిన అవసరం అరుదుగానే వచ్చేదనీ చెప్పాడు.

కంప్యూటర్లు ఇంటింటికీ రాకముందే ఈ విద్య ముదిరిపోయింది. 1978 అక్టోబరులో స్టాన్లీ రిఫ్కిన్ అనే కంప్యూటర్ సలహాదారు అమెరికాలోని సెక్యూరిటీ పసిఫిక్ బ్యాంకులో నిధుల బదిలీ గదికి పని మీద వెళ్ళాడు. ఆ రోజు వాడవలసిన రహస్య సంకేతాన్ని అక్కడివారు మరిచిపోకుండా కాగితం మీద రాసి కంటికి ఎదురుగా పెట్టుకున్నారు. అతను దాన్ని గుర్తు పెట్టుకున్నాడు. బయటికి వచ్చి, బ్యాంకులోని మరో విభాగం వాడిలా ఫోను చేసి, కోటీ 2 లక్షల డాలర్లు బదిలీ చేయించాడు. ఆ డబ్బుతో వజ్రాలు కొని, కొద్ది రోజులకే పట్టుబడ్డాడు. ఈ కథలో నాకు గుర్తుండిపోయింది వజ్రాలు కాదు, ఆ కాగితం. దాన్ని అక్కడ పెట్టినవారు బద్ధకస్తులు కారు. పని త్వరగా జరగాలని పెట్టారు.

మంచితనమే ముడిసరుకు

మోసపోయినవారిని అమాయకులనో ఆశపోతులనో తీసిపారేయడం మనకు అలవాటు. ఆశ చూపి లాగే మోసాలు ఉన్నాయి, కాదనను. కానీ నేను చూసిన ఘటనల్లో ఎక్కువ భాగం సాయం చేద్దామనుకున్నవారివే. 2016లో ప్రచురించిన ఒక అధ్యయనం కోసం పరిశోధకులు ఇలినాయ్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో అక్కడక్కడ 297 యూఎస్‌బీ డ్రైవులు జారవిడిచారు. వాటిలో కనీసం 45 శాతం డ్రైవులను దొరికినవారు కంప్యూటరుకు తగిలించి లోపలి ఫైళ్ళు తెరిచారు. మొదటిది తెరవడానికి ఆరు నిమిషాలు కూడా పట్టలేదు. ఎందుకు తెరిచారని అడిగితే, పోగొట్టుకున్నవారెవరో తెలుసుకుని తిరిగి ఇద్దామని అన్నవారే ఎక్కువ.

మరో ప్రయోగం ఇంకా పాతది. 1978లో ఎలెన్ లాంగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం, జిరాక్స్ యంత్రం దగ్గర వరసలో ముందుకు వెళ్ళనిమ్మని అడిగించింది. ఐదు పేజీలే ఉన్నాయి, ముందు తీసుకోనా అని ఊరికే అడిగితే 60 శాతం ఒప్పుకున్నారు. తొందరలో ఉన్నానని కారణం చెబితే 94 శాతం. “జిరాక్స్ తీసుకోవాలి కాబట్టి” అని, కారణమే కాని కారణం చెప్పినా 93 శాతం ఒప్పుకున్నారు! ఇక్కడిదాకా చాలామంది చెబుతారు. తరువాతి భాగమే మనకు ముఖ్యం. ఐదుకు బదులు 20 పేజీలని చెప్పినప్పుడు ఆ ఉత్తుత్తి కారణం పనిచేయలేదు. కారణం చెప్పకుండా అడిగినా, ఉత్తుత్తి కారణం చెప్పినా 24 శాతమే ఒప్పుకున్నారు. అడిగింది పెద్దదైతే మనిషి ఆగి ఆలోచిస్తాడు. చిన్నదైతే ఆలోచన దాకా పోదు.

అందుకే తెలిసిన మోసగాడు పెద్దది అడగడు. పెద్దదాన్ని ఐదు పేజీల ముక్కలుగా కోస్తాడు. ఏకై వచ్చి మేకై కూర్చోవడమంటే ఇదే. 1966లో ఫ్రీడ్‌మన్, ఫ్రేజర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు, ఇంటి ముందు ఒక పెద్ద వికారమైన రోడ్డు భద్రత బోర్డు పెట్టుకుంటారా అని కొందరిని అడిగించారు. నేరుగా అడిగితే 17 శాతమే సరేనన్నారు. రెండు వారాల ముందు ఒక బుల్లి చీటీ అతికించుకోవడానికి ఒప్పుకున్నవారిలో 76 శాతం ఆ పెద్ద బోర్డుకూ సరేనన్నారు. నా సంగతే చూడండి. ఆయన నా దగ్గర పాస్‌వర్డ్ దొంగిలించలేదు. ముందు నా సానుభూతి అడిగాడు, తరువాత ఒక్క నిమిషం అడిగాడు, ఆ తరువాత ఉద్యోగి సంఖ్య విషయంలో చిన్న మినహాయింపు. చివరిది నేనే ఇచ్చాను, అడగకుండానే.

ఆ ఫోను లోపల ఏముంది

దాన్ని విప్పి చూస్తే మీకు వచ్చే ఫోన్లనూ పోల్చుకోవచ్చు. ఆయన ముందుగా సమాచారం ఏరుకున్నాడు. మా అధికారిణి సెలవులో ఉన్న విషయం ఆవిడ మెయిలుకు ఏం రాసినా తిరిగి వచ్చే స్వయంచాలక జవాబులోనే ఉంది: ఎన్నాళ్ళు ఉండరో, ఆ లోపు ఎవరిని అడగాలో సహా. సాఫ్ట్‌వేర్ ముద్దుపేరును మా ఉద్యోగి ఒకరు తన ఉద్యోగ వివరాల పేజీలో గర్వంగా రాసుకున్నారు. రెండూ రహస్యాలు కావు. కానీ రెండూ కలిసి నా చెవిలో పడేసరికి ‘ఈయన మనవాడే’ అనిపించాయి. లోపలి మాట తెలిసినంత మాత్రాన లోపలి మనిషి కాడు. ఈ వాక్యాన్ని నేను శిక్షణలో విసుగు వచ్చేదాకా చెబుతాను.

ఆ తరువాత వేషం. పాప ఏడుపు రికార్డింగ్ అయి ఉండవచ్చని మా వాళ్ళు తరువాత అన్నారు. అయినా కాకపోయినా, ఆ చప్పుడు వినిపిస్తుండగా నియమాలు మాట్లాడటం నాకు రాతి గుండె పనిలా తోచింది. ఆ తరువాత తొందర: తెల్లవారేలోగా. ఇక ముగింపు. దీన్ని జనం పట్టించుకోరు, నా దృష్టిలో అన్నిటికన్నా నేర్పైన భాగం ఇదే. చేతికి చిక్కగానే ఫోను పెట్టేయకుండా, నన్ను పొగిడి, నేను మంచి పని చేశానన్న తృప్తిని మిగిల్చి వెళ్ళాడు. తృప్తిగా ఉన్న మనిషి ఎవరికీ ఫిర్యాదు చేయదు. ఆయనకు కావలసింది ఆ ఒక్క రాత్రి వ్యవధి.

బెదిరించే రకం దీనికి తలకిందులు. అధికారి గొంతుతో గద్దిస్తారు, కేసు అంటారు, ఫోను పెట్టేస్తే ఇంకా పెద్ద నేరమంటారు. జాలి స్థానంలో భయం, పొగడ్త స్థానంలో గద్దింపు. లోపలి చట్రం మాత్రం అదే.

మనిషిని కాదు, అడిగినదాన్ని చూడండి

గొంతును బట్టి, మర్యాదను బట్టి, భాషలో తప్పులను బట్టి దొంగను పసిగట్టమని పాత సలహాలు ఉండేవి. వాటిని పక్కన పెట్టేయండి. ఇప్పుడు దొంగ లేఖల్లో అక్షర దోషాలు ఉండవు. గొంతును యంత్రంతో అనుకరించవచ్చు. ఫోను తెర మీద కనిపించే నంబరును నకిలీ చేయవచ్చు. ముఖం కూడా నమ్మకానికి చాలదు. 2024లో బయటపడిన ఒక ఉదంతంలో ఆరప్ అనే ఇంజనీరింగ్ సంస్థ హాంకాంగ్ ఉద్యోగికి పై అధికారి పేరుతో ఒక మెయిలు వచ్చింది. ఆయనకు అనుమానమే వచ్చింది, అదీ సరైన అనుమానం. తరువాత వీడియో సమావేశంలో తెలిసిన ముఖాలు కనిపించేసరికి ఆ అనుమానం కరిగిపోయింది. ఆ ముఖాలన్నీ డీప్‌ఫేక్‌లు, అంటే కంప్యూటర్‌తో తయారు చేసిన నకిలీలు. 15 విడతలుగా 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పోయాయి.

కాబట్టి ఎవరు అడుగుతున్నారన్నది పక్కన పెట్టి, ఏమి అడుగుతున్నారన్నదే చూడండి. డబ్బు కదపమంటున్నారా? పాస్‌వర్డో ఓటీపీయో చెప్పమంటున్నారా? మీ కంప్యూటర్ తెరను చూడనిచ్చే యాప్ పెట్టుకోమంటున్నారా, తలుపు పట్టుకుని ఉండమంటున్నారా? రికార్డుల్లో ఉన్న ఖాతా నంబరో ఫోను నంబరో మార్చమంటున్నారా? ఎవరికీ చెప్పవద్దంటున్నారా? వీటిలో ఏ ఒక్కటి వినిపించినా, అడిగింది సాక్షాత్తూ మీ తోబుట్టువే అనిపించినా, అక్కడ ఆగాలి. తొందర, గోప్యత రెండూ కలిసి వచ్చాయంటే నేనైతే ఇక ఆలోచించను కూడా.

ఖాతా మార్చమనే అభ్యర్థనను తేలిగ్గా తీసుకోకండి. లిథువేనియాకు చెందిన ఎవాల్దాస్ రిమసౌస్కస్ 2013 నుంచి 2015 దాకా ఒక తైవాన్ సరఫరాదారు పేరుతో నకిలీ బిల్లులు పంపి, గూగుల్, ఫేస్‌బుక్ సంస్థల నుంచి 10 కోట్ల డాలర్లకు పైగా రాబట్టాడు. 2019లో నేరం ఒప్పుకున్నాడు, ఐదేళ్ళ శిక్ష పడింది. కంప్యూటర్ భద్రతలో లోకానికే పాఠాలు చెప్పగల సంస్థలవి. పాత డైరీ ఉన్న పెద్దావిడ ఆ బిల్లుల దారిలో ఉంటే ఏమయ్యేదో అని అప్పుడప్పుడు అనుకుంటాను.

దారి మార్చడం

ఆగిన తరువాత ఏం చేయాలి? దారి మార్చాలి. ఫోనులో అడిగితే ఫోను పెట్టేసి, మీ దగ్గర ముందు నుంచీ ఉన్న నంబరుకు మీరే చేయాలి. మెయిలులో అడిగితే ఫోనులో కనుక్కోవాలి. వీడియోలో అడిగినా అంతే. వారు ఇచ్చిన నంబరు, మెయిలు అడుగున ఉన్న నంబరు, వెతికితే ప్రకటనల్లో పైన కనిపించిన నంబరు పనికిరావు. కార్డు వెనక ముద్రించినది, పాత బిల్లు మీద ఉన్నది, మీరు చేత్తో రాసుకున్నది పనికొస్తాయి.

చెప్పడానికి తేలికే. అవతల మర్యాదస్తుడు ఉన్నప్పుడు నోరు రాదు. అందుకే మాటలు ముందే కంఠస్థం చేసుకోవాలి. నేను వాడేది ఇది: “మిమ్మల్ని అనుమానించి కాదండీ, ఇలాంటివి ఎవరు అడిగినా నేనే తిరిగి ఫోను చేస్తాను. పది నిమిషాల్లో చేస్తున్నాను.” ఇది చెప్పి పెట్టేస్తాను, జవాబు కోసం ఆగను. అవతలివాడు నిజమైనవాడైతే అతనికి పోయేది పది నిమిషాలు. నిజమైన అధికారి కోప్పడితే ఆ కోపం ఒక పూటలో చల్లారుతుంది. దొంగ మాత్రం ఆ పది నిమిషాలు ఇవ్వకుండా ఉండటానికే సర్వశక్తులూ ఒడ్డుతాడు. పెట్టేయవద్దని పట్టుపట్టడమే మీకు అందిన జవాబు.

లింకుల విషయంలో అక్షరం అక్షరం పోల్చి చూడమని చెబుతారు. చూడగలిగితే మంచిదే, కానీ రోజంతా మెయిళ్ళు చదివే మనిషి ప్రతి చిరునామానూ భూతద్దంలో చూడలేడు. అంతకన్నా మెరుగైనవి మూడు. బ్యాంకు పేజీని మెయిలు నుంచి కాక మీరు దాచుకున్న గుర్తు (బుక్‌మార్క్) నుంచి తెరవడం ఒకటి. పాస్‌వర్డులను దాచి తానే నింపే పాస్‌వర్డ్ మేనేజర్ అనే యాప్‌లో పెట్టడం రెండోది: మీ కళ్ళు మోసపోయినా, అది వేరే చిరునామాలో మీ పాస్‌వర్డ్ తనంతట తాను నింపదు. ఎప్పుడూ నింపేది ఈసారి నింపలేదంటే చేత్తో కొట్టకండి, ఆ పేజీ మూసేయండి. వీలున్నచోట పాస్‌కీ (పాస్‌వర్డుకు బదులు ఫోనులోనో కంప్యూటర్‌లోనో ఉండే డిజిటల్ తాళం చెవి) లేదా భద్రతా కీ (అదే పని చేసే చిన్న పరికరం) పెట్టుకోవడం మూడోది. అవి అసలు చిరునామాకే కట్టుబడి ఉంటాయి కాబట్టి దొంగ పేజీకి ఇవ్వాలన్నా ఇవ్వలేరు. గూగుల్ 2017లో తన ఉద్యోగులు 85,000 మందికి పైగా భద్రతా కీలు తప్పనిసరి చేసింది. ఆ తరువాత ఆఫీసు ఖాతా ఒక్కటి కూడా ఫిషింగ్‌కు (నకిలీ మెయిళ్ళు, పేజీలతో పాస్‌వర్డ్ కాజేసే మోసానికి) చిక్కలేదని 2018లో ప్రకటించింది. యంత్రం కూడా ఆ పెద్దావిడలాగే అందరికీ ఒకటే చేస్తుంది. అందుకే నాకు నచ్చుతుంది.

యంత్రం సరిగ్గా చేసిన పనిని మనమే చెడగొట్టిన సందర్భాలూ ఉన్నాయి. 2011లో ఆర్‌ఎస్‌ఏ అనే భద్రతా సంస్థలోకి దొంగలు ఒక ఎక్సెల్ ఫైలుతో చొరబడ్డారు. ‘2011 నియామకాల ప్రణాళిక’ అన్నది దాని పేరు. ఆ మెయిలును వడపోత పట్టుకుని చెత్త పెట్టెలోనే (జంక్ ఫోల్డర్‌లోనే) వేసింది. ఒక ఉద్యోగి అక్కడి నుంచి తీసి తెరిచారు. చెత్త పెట్టెలోకి చేయి పెట్టాలనిపిస్తే ఇది గుర్తు తెచ్చుకోండి.

ఫోనులో ‘లాగిన్ అవుతున్నది మీరేనా?’ అని పదే పదే అడుగుతుంటే, మీరు కాకపోతే, విసుగెత్తి అవునని నొక్కకండి. 2022లో ఊబర్ సంస్థకు పనిచేస్తున్న ఒక కాంట్రాక్టరుకు అలా వరసగా అభ్యర్థనలు వచ్చాయి, చివరకు ఒకటి ఆమోదం పొందింది. అలాంటివి వరసగా వస్తున్నాయంటే మీ పాస్‌వర్డ్ అప్పటికే ఎవరి దగ్గరో ఉంది. వెంటనే మార్చాలి.

ఇంట్లో వ్యవహారం ఇంకా తేలిక. ఇంటివారికి మాత్రమే తెలిసిన ఒక రహస్యపు మాట ఖాయం చేసుకోండి. ఆపదలో ఉన్నానని, డబ్బు పంపమని ఇంటివారి గొంతుతో ఎవరు ఫోను చేసినా ఆ మాట అడగాలి. పుట్టినరోజు, పెంపుడు కుక్క పేరు వంటివి వద్దు, అవి మీరు పెట్టిన ఫొటోల కిందే ఉంటాయి. మా అమ్మకు ఈ పద్ధతి నేర్పింది నేనే. ఆరు నెలల తరువాత నా ఫోను పాడై వేరేవారి ఫోను నుంచి చేస్తే, ఆవిడ మాట అడిగింది. నాకు గుర్తు రాలేదు. “అయితే నువ్వు మా అమ్మాయివి కావు” అని ఫోను పెట్టేసింది. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు, గర్వం అంతకన్నా ఎక్కువ. మాట మరిచిపోతే ఏం చేయాలో కూడా ఆ తరువాత ఖాయం చేసుకున్నాం: తెలిసిన నంబరుకు తిరిగి చేయడమే.

మంచికి వాడటం, దాని హద్దులు

ఇదే విద్యను సంస్థలు తమ మీద తామే ప్రయోగించుకుంటాయి. నా జీతం అందులోదే. నకిలీ మెయిళ్ళు పంపుతాం, ఫోన్లు చేస్తాం, మరమ్మతు మనిషిలా లోపలికి వెళ్ళడానికి ప్రయత్నిస్తాం, ఎక్కడ సందు ఉందో నివేదిక ఇస్తాం. ఉత్సాహంతో ఎవరూ సొంతంగా మొదలుపెట్టకండి. రాతపూర్వక అనుమతి లేకుండా చేస్తే అది పరీక్ష కాదు, నేరం. అనుమతి ఇచ్చినవారికి ఆ అధికారం ఉందో లేదో కూడా చూసుకోవాలి. 2019 సెప్టెంబరులో కోల్‌ఫైర్ అనే భద్రతా పరీక్షల సంస్థ ఉద్యోగులు ఇద్దరు అమెరికాలోని అయోవా రాష్ట్రంలో డల్లాస్ కౌంటీ కోర్టు భవనాన్ని రాత్రిపూట పరీక్షిస్తూ అరెస్టయ్యారు. రాష్ట్ర న్యాయ విభాగంతో చేసుకున్న ఒప్పందం వారి దగ్గర ఉంది. ఆ భవనం మాది, అనుమతించడానికి రాష్ట్రం ఎవరని కౌంటీ వాదించింది. కేసులు 2020 జనవరిలో గానీ ఎత్తేయలేదు. అందుకే నేను అనుమతి పత్రంలో భవనం పేరు, తేదీలు, చేయకూడని పనులు, అర్ధరాత్రి అయినా ఎత్తే ఇద్దరి ఫోను నంబర్లు ఉంటే తప్ప గడప దాటను.

సమాచారం రాబట్టడానికి వేరేవారి వేషం వేయడమూ అంతే. 2006లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ నియమించిన ప్రైవేటు డిటెక్టివ్‌లు, బోర్డు నుంచి వార్తలు బయటికి పొక్కిస్తున్నది ఎవరో తెలుసుకోవడానికి, బోర్డు సభ్యులమనీ విలేఖరులమనీ చెప్పుకుని వారి ఫోను రికార్డులు సంపాదించారు. అది బయటపడి ఛైర్‌పర్సన్ ప్యాట్రీషియా డన్ పదవి వదులుకోవలసి వచ్చింది.

ఎరలో ఏం పెడుతున్నామన్నది ఇంకో హద్దు. 2020 డిసెంబరులో గోడాడీ సంస్థ పండుగ బోనస్ 650 డాలర్లు ఇస్తున్నామంటూ ఉద్యోగులకు పరీక్షా మెయిలు పంపింది. నొక్కినవారికి దక్కింది బోనస్ కాదు, శిక్షణ. జనం మండిపడ్డారు, సంస్థ క్షమాపణ చెప్పింది. నిజమైన దొంగ కూడా బోనస్ ఎరే వేస్తాడు కదా అని నా తోటివారు కొందరు వాదిస్తారు. వేస్తాడు. కానీ మర్నాడు అదే ఉద్యోగులు తమ పొరపాట్లను దొంగకు కాదు, మనకు చెప్పాలి. జీతం, జబ్బు, ఉద్యోగం ఊడటం, ఈ మూడింటినీ నేను ఎరగా వాడను. ఎంతమంది నొక్కారన్నది నా నివేదికలో చివరి పేజీలో ఉంటుంది. మొదటి పేజీలో ఉండేది, మొదటి ఫిర్యాదు ఎన్ని నిమిషాలకు అందిందన్నది.

ఎదుటివారికి మేలు కోరి సోషల్ ఇంజనీరింగ్ చేసే తోవ ఇంకొకటి ఉంది, పాత అర్థానికి దగ్గరది: భద్రమైన పనినే సులువైన పనిగా చేయడం. ఖాతా మార్పు ఫారంలో ‘ఏ నంబరుకు ఫోను చేసి నిర్ధారించారు?’ అన్న గడి ఒకటి చేర్చి, అది నింపితే తప్ప ముందుకు కదలకుండా పెట్టించడం నేను చేసిన మార్పులన్నిటిలో చౌకైనది. దానితో ‘అనుమానిస్తున్నారా?’ అన్న గొడవే పోయింది. అడిగేది ఫారం, మనిషి కాదు. పై అధికారులకు మినహాయింపు ఇవ్వకూడదు. ఒక్కరికి ఇస్తే దొంగ ఆ ఒక్కరి పేరే చెబుతాడు.

చిక్కుకున్నాక

ఎప్పుడో ఒకప్పుడు మీరూ చిక్కుతారు, నేనూ చిక్కుతాను. అప్పుడు గడియారమే ముఖ్యం. డబ్బు వెళ్ళి ఉంటే ఆ క్షణమే బ్యాంకుకు, ఆపై పోలీసులకు చెప్పాలి. అది ఇంకో ఖాతాకు మారేలోగా ఆపగలిగే అవకాశం మొదట్లోనే ఎక్కువ. పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే మార్చి, తెరిచి ఉన్న లాగిన్లన్నీ మూయించాలి. మెయిలు ఖాతాలో మీకు తెలియకుండా ఎవరికైనా లేఖలు మళ్ళించే నియమం పెట్టారేమో చూడాలి, దీన్ని చాలామంది మరిచిపోతారు. తెర చూపించే యాప్ పెట్టుకుని ఉంటే ఇంటర్నెట్ తీసేసి, మరో ఫోను నుంచి ఈ పనులన్నీ చేయాలి. సందేశాలు, నంబర్లు చెరిపేయవద్దు, సిగ్గుతో మొదట చేసే పని అదే. పోయిన డబ్బు రాబట్టి ఇస్తామంటూ కొన్నాళ్ళకు ఫోను చేసేవారు ఉంటారు. వారు కూడా ఆ ముఠావారే, లేదా వారి దగ్గర మీ పేరు కొన్నవారు.

మీకు ఎవరైనా వచ్చి చెప్పుకుంటే ఎలా వినాలో నేను మా అధికారిణి దగ్గర నేర్చుకున్నాను. సెలవులో ఉన్నావిడకు ఫోను చేసి, పాస్‌వర్డ్ ఇచ్చేసిన సంగతి ఏడుస్తూ చెప్పాను. ఎందుకిచ్చావని ఆవిడ అడగలేదు. “ఎన్ని గంటలకు?” అంది. ఐదూ యాభై రెండు అన్నాను. “ఆ తరువాత ఆ ఖాతా నుంచి వెళ్ళిన మెయిళ్ళన్నీ తీయించు, నేను బయలుదేరుతున్నాను” అని ఫోను పెట్టేసింది. ఆ జాబితాలో అకౌంట్స్‌కు వెళ్ళినది కాక ఇంకా రెండు ఉన్నాయి. వాటిని అందుకున్నవారికి అప్పటిదాకా ఏ అనుమానమూ లేదు.